రెండో పొయ్యి

బడి పంతులన్నాక ఓటర్ల జాబితా అయినా జనాభా లెక్కలైనా నెత్తిన పడక తప్పదు. 2011 లెక్కలకి దివిసీమలో ఓ చిన్న ఊరు నా వంతుకొచ్చింది. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరగాలి. సంక్రాంతికైతే కిటకిటలాడే ఊళ్లో ఫిబ్రవరికి మిగిలేది ముసలివాళ్లూ గేదెలూ. గేదెలకు ఫారంలో కాలమ్ లేదు.

వయసు అడిగితే ఎవరూ అంకె చెప్పరు. ఉప్పెన నాటికి పెళ్లయిందనో, చంకలో పిల్లాడున్నాడనో అంటారు. 1977 నవంబరు 19 నుంచి లెక్క మనమే కట్టుకోవాలి. అదీ తేలకపోతే అరవై, లేదా అరవై అయిదు. అరవై మూడేళ్ల మనిషి ఊరు మొత్తంలో ఒక్కరూ తగల్లేదు.

పనేం చేస్తావమ్మా అంటే ఒకావిడ పేడ చేతులు వెనక్కి పెట్టుకుని, "ఏం పనండీ, ఖాళీనే. తొందరగా రాసుకోండి, మినుము పీకడానికి పోవాలి" అంది.

ఇవన్నీ ఎలాగో గడిచాయి. అసలు గొడవ పొయ్యి దగ్గర వచ్చింది. జనాభా లెక్కల్లో కుటుంబమంటే చుట్టరికం కాదు, వంట. ఒకచోట వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం.

"మీకు వంట ఒకటేనా అమ్మా?"

"ఒకటేనండీ, మాది ఉమ్మడి కాపురం" అంది అత్తగారు గర్వంగా.

తలుపు చాటు నుంచి కోడలు, "రెండని రాసుకోండి మాస్టారూ" అంది.

"రెండోదెక్కడుందే?"

"పెరటి వసారాలో."

అత్తగారు వెళ్లి చూసొచ్చింది. కిరసనాయిలు స్టవ్వు, దాని మీద మూత పెట్టిన గిన్నె, గిన్నెలో రొయ్యల కూర.

"రాత్రి నాకు చారు పోసిందండీ మాస్టారూ! చారు!"

కొడుకు పరుగెత్తుకొచ్చి, "ఒకటని రాసేయండి, మీకు దణ్ణం పెడతా" అన్నాడు. ఈసారి అత్తగారు ఒప్పుకోలేదు. "రెండే రాయండి. గవర్నమెంటుకి తెలియాలి."

"రెండు రాస్తే రెండో తెల్లకార్డు ఇస్తారాండీ?" అని కోడలు అడగడం, గోడ మీంచి పక్కింటావిడ వినడం ఒకేసారి జరిగాయి. నేను ఇవ్వరన్నది మాత్రం గోడ దాటలేదు. పక్క వీధికి వెళ్లేసరికి ప్రతి ఇంట్లోనూ రెండేసి పొయ్యిలు. ఒకాయన నా ముందే మూడిటుకలు పేర్చి, "ఇది మా అమ్మాయి వాళ్లది" అన్నాడు. ఆ అమ్మాయి రెండో తరగతి, నా బళ్లోనే. ఊళ్లో జనం పెరగలేదు గానీ కుటుంబాలు పెరిగిపోతున్నాయి.

మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, ఫిబ్రవరి 28 అర్ధరాత్రి లోపు పుట్టినవాళ్లను కలపాలి, పోయినవాళ్లను తీసేయాలి. ఆ ఇంటికీ వెళ్లాను. పుట్టినవాళ్లు లేరు, పోయినవాళ్లూ లేరు. అత్తాకోడళ్లకి మాత్రం మాటల్లేవు. అరుగు మీద మంచంలో మామగారు లేచి కూర్చున్నారు.

"మాస్టారూ, నన్ను ఏ పొయ్యి కింద రాశారో కాస్త చూసి చెబుతారా? పొద్దున్నుంచి రెండువైపుల నుంచీ పిలుపు లేదు."