ఆసియాలో నెల్లూరు లేని రెస్టారెంటుకు

మహారాజశ్రీ జూబ్లీహిల్స్ ఏషియన్ అండ్ కాంటినెంటల్ రెస్టారెంటు వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఏడో నంబరు టేబుల్ దగ్గర, ఏసీ గాలి సరిగ్గా నడినెత్తిన కొట్టే చోట, నాలుగేళ్ళుగా కూర్చుంటున్నవాణ్ణి. మీరంటే నాకు అభిమానం. లేకపోతే మీ చీకట్లో ఫోన్ టార్చి వేసుకుని మెనూ చదువుతానా?

ముందు చిన్న భూగోళ సందేహం. మీ ఏషియా జపాన్‌లో బయల్దేరి కొరియా, చైనా తిరిగి థాయిలాండ్‌లో దిగిపోతుంది. మరి నెల్లూరు చేపల పులుసు ఏ ఖండం కిందికి వస్తుందో సెలవివ్వండి. కాంటినెంటల్ సంగతి ఇంకా బాగుంది. ఇంగ్లండు దొరలు తమ కాలవకు (అదే, ఇంగ్లీష్ ఛానెల్‌కు) అవతలున్న యూరప్‌ను కాంటినెంట్ అనేవారు. దొరలు 1947లో వెళ్ళిపోయినా, వాళ్ళ కిటికీలోంచి కనబడే యూరప్ మీ మెనూలో ఉండిపోయింది.

మొన్న అమ్మను తీసుకొచ్చాను. రిసోటో అనే ఇటలీ అన్నం వచ్చింది. పొలమంత పళ్ళెం, నడుమ గుప్పెడు ముద్ద, పైన ఒక ఆకు. అమ్మ ఒక మెతుకు వేళ్ళతో నొక్కి చూసి, "పలుకుంది రా, ఇంకాస్త ఉడకాలి" అంది. మీ మేనేజరు గారు వంగి, "అల్ దెంతే మేడం" అన్నారు. పంటికి తగలాలని ఇటలీలో అలాగే దింపుతారట. నాన్న ఉన్న రోజుల్లో అన్నం అలా పలుకు మీద దిగితే కంచం గోడకు తగిలేది. మీ దగ్గర ఆ పలుక్కి 845 రూపాయలు! నలభై ఏళ్ళు ఆవిడ ఇటాలియన్ వంట చేసి తిట్లు తిందని మాకెవరికీ తెలియలేదు.

మేనేజరు అటు వెళ్ళగానే, అంతదాకా ఇంగ్లీషే మాట్లాడిన పలాస కుర్రాడు గొంతు తగ్గించి, "అది అలాగే ఉంటాదమ్మా. నాను ఫ్రైడ్‌రైసు సేయించి తెస్తాను, ఉండండి" అన్నాడు. మీ మొత్తం మెనూలో నాకు నచ్చిన ఐటమ్ అదే.

ఇక బిల్లు. సర్వీసు ఛార్జి తమంతట తాము కలపకూడదనీ, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదనీ కేంద్ర వినియోగదారుల సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఔనంది. మీరు మాత్రం దానికి "స్టాఫ్ కంట్రిబ్యూషన్" అని ముద్దుపేరు పెట్టి పది శాతం వేశారు. తీసేయమంటే మేనేజరు నా వైపు చూసిన చూపు ఉందే, పెళ్ళిలో రెండోసారి బంతికి కూర్చున్నవాణ్ణి చూసినట్టుంది. తీసేశారు లెండి. ఆ పది శాతం ఆ కుర్రాడి చేతిలోనే పెట్టాను.

వచ్చే ఆదివారం అమ్మ పుట్టినరోజు. ఆరుగురం వస్తాం. ఏడో నంబరు వద్దు, ఆవిడకు జలుబు. ఆ పలాస కుర్రాడికి డ్యూటీ వేయండి. మీ కిమ్చీ, అదే కొరియా ఊరగాయ, రుచి చూసినప్పటినుంచి అందులో ఆవపిండి ఎందుకు లేదో అతన్ని నిలదీయాలని ఆవిడ ఎదురుచూస్తోంది.

ఇట్లు,
మీ ఏడో నంబరు టేబుల్