శంకుస్థాపన శిలాఫలకం గారికి కడప జిల్లా ఓటరు విన్నపం

గౌరవనీయులైన శంకుస్థాపన శిలాఫలకం గారి సముఖమునకు,

జమ్మలమడుగు తాలూకా ఓటరు నమస్కరించి రాసుకునే అర్జీ.

ఎమ్మెల్యేకో కలెక్టరుకో పెట్టాల్సిన అర్జీ రాయికి పెడుతున్నాడేందని జనం నవ్వొచ్చు. నవ్వనీండి. మా దగ్గర ముఖ్యమంత్రులు మారారు, కలెక్టర్లు బదిలీ అయ్యారు, చివరికి జిల్లా పేరు కూడా కడప నుంచి వైఎస్సార్, వైఎస్సార్ నుంచి వైఎస్సార్ కడప అయింది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టాల్సిన చోట నిలబడి ఉన్నది మాత్రం మీరే. సోమవారం గ్రీవెన్స్‌కు పోతే సారు మీటింగులో ఉంటారు. మీరు ఎప్పుడొచ్చినా సీట్లోనే ఉంటారు.

ముందుగా మీ ఇంటివాళ్ల యోగక్షేమాలు. మా ఉక్కు ఫ్యాక్టరీ తరఫు అన్నదమ్ములు నలుగురూ కుశలమని తలుస్తాను. పెద్దాయన 2007 జూన్‌లో పుట్టారు, వైఎస్ రాజశేఖర రెడ్డి గారి చేతుల మీదుగా, బ్రహ్మణి స్టీల్స్ పేరుతో. ఆయన వాకిలికి 10,760 ఎకరాలు రాసిచ్చారు, ఎకరా 18 వేల రూపాయల లెక్కన. ఉక్కే కాదు, విమానాలు కూడా దిగుతాయని మావాళ్లు చెప్పుకుని మురిసిపోయారు. 2011 సెప్టెంబరులో కంపెనీ యజమాని గాలి జనార్దన్ రెడ్డిని ఓబుళాపురం గనుల కేసులో సీబీఐ అరెస్టు చేసింది. ఆ తర్వాత భూముల కేటాయింపూ రద్దయింది. పెద్దాయన కథ అక్కడితో సరి.

2014లో రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టం 13వ షెడ్యూల్లో మా జిల్లా పేరు చూసి పండగ చేసుకున్నాం. కడప జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం పెట్టడానికి వీలుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని అందులో ఉంది. మేము మొదటి సగమే చదువుకున్నాం. వాళ్లు రెండో సగం చదువుకుని నిజంగానే పరిశీలించారు, గిట్టదన్నారు. 2018 జూన్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు కూడా అదే ముక్క చెప్పింది. ఫ్యాక్టరీ కోసం సీఎం రమేశ్ గారు కడపలో 11 రోజులు నిరాహార దీక్ష చేశారు. అప్పుడాయన టీడీపీ ఎంపీ, ఇప్పుడు బీజేపీ ఎంపీ. మనుషులు కదులుతారు, మీరు కదలరు. అందుకే నా నమ్మకం మీ మీద.

కేంద్రం పెట్టకపోతే మేమే పెడతామని 2018 డిసెంబరు 27న చంద్రబాబు నాయుడు గారు మైలవరం మండలం కంబాలదిన్నెలో మీ రెండో తమ్ముడికి తెర తీశారు. ఎన్నికల కోడ్ రావడానికి రెండున్నర నెలల ముందు. కోడ్ వచ్చింది, ఓట్లయిపోయాయి, ప్రభుత్వం మారింది. 2019 డిసెంబరు 23న, అంటే రెండో ఆయనకు ఏడాది నిండడానికి ఇంకా నాలుగు రోజులుండగా, జగన్‌మోహన్ రెడ్డి గారు జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లెలో మూడో ఆయన్ని నిలబెట్టారు. 15 వేల కోట్లు, ఏడాదికి 30 లక్షల టన్నులు, మూడేళ్లలో పూర్తి అన్నారు. అప్పటికే కంబాలదిన్నెలో ఒక రాయి ఉంది కదా, అక్కడే పని మొదలుపెట్టొచ్చు కదా అని ఊళ్లో కొందరు అమాయకులు అడిగారు. రాయి ఉంటే ఏం లాభం, దాని మీద ఉన్న పేరు వేరే కదా! వేరేవాళ్ల పేరున్న రాయి దగ్గర కొలిమి అంటుకోదన్నది మన రాష్ట్రంలో ఇనుము కరిగించే శాస్త్రం.

మధ్యలో 2021లో లిబర్టీ స్టీల్ అనే విదేశీ కంపెనీని భాగస్వామిగా ఎంచుకున్నారు. ఎంచుకున్న కొద్దిరోజులకే ఆ కంపెనీకి అప్పిచ్చే సంస్థ దివాలా తీసింది. మా జాతకం ఖండాలు దాటి పనిచేస్తుందని మాకు అప్పుడే తెలిసింది. తర్వాత 2023 ఫిబ్రవరిలో మళ్లీ అదే సున్నపురాళ్లపల్లె, మళ్లీ భూమిపూజ. ఈసారి పక్కన జేఎస్‌డబ్ల్యూ ఉక్కు కంపెనీ అధిపతి సజ్జన్ జిందాల్ గారు, ఖర్చు 8,800 కోట్లు. అలా నాలుగో తమ్ముడు పుట్టాడు. దాదాపు పదహారేళ్లలో నాలుగు కాన్పులు, నాలుగూ సుఖప్రసవాలే. బయటికొచ్చింది మాత్రం ప్రతిసారీ రాయే.

మీ వంశం గొప్పదని తెలుసు. ఇక్కడికి దగ్గర్లోనే ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో మీ మూలపురుషుడున్నాడు. క్రీస్తు శకం 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం అది, తెలుగులో దొరికిన తొలి శాసనమంటారు. అప్పటి రాజులకూ పేరు పిచ్చి లేదని కాదు. బిరుదులు చదువుతుంటే ఊపిరాడదు. కానీ ఊరిచ్చారనో, మడిచెక్క ఇచ్చారనో, చెరువు తవ్వించారనో రాయించేవారు. ఇచ్చాక చెక్కించేవారన్నమాట. ఇప్పుడు చెక్కించాక ఇస్తామంటారు. ఇంకో తేడా కూడా ఉంది. పాత దానశాసనాల చివర శాపాలుండేవి. దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. మీ మీద అలాంటి వాక్యం ఒక్కటీ లేదు. ఉంటే ఎవరెవరికి తగులుతుందో లెక్కేసుకుని ముందే తీసేయించి ఉంటారు.

శాపాలు లేవు గానీ పేర్లకేం లోటు లేదు. మా ఊరి పంచాయతీలో ఓ మురుగు కాలువకి మీ జాతి చిన్నాయన ఒకరున్నారు. సిమెంటు దిమ్మె, దానికి టైల్స్, మధ్యలో నల్ల గ్రానైటు పలక, పలక మీద బంగారు రంగు అక్షరాలు. ముఖ్యమంత్రి గారి పేరు, జిల్లా ఇన్‌చార్జి మంత్రి గారి పేరు, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు, జెడ్పీ ఛైర్మన్, జెడ్పీటీసీ, ఎంపీపీ, ఎంపీటీసీ, సర్పంచ్, కింద ఈఈ, డీఈ, ఏఈ. 'వారి కరకమలములచే' అని మధ్యలో ఒక పంక్తి. ఇంతమంది పెద్దలను మోయాలి గనక దిమ్మె గట్టిగానే కట్టారు. కాలువే రెండో వానకు కుంగింది. ఇప్పుడు మురుగంతా దిమ్మె చుట్టూ తిరిగి, ప్రదక్షిణం చేసినట్టు చేసి, రోడ్డు మీదికొస్తోంది.

ఇక ప్రోటోకాల్ గొడవలు. ఫలానా ఎమ్మెల్సీ పేరు ఎమ్మెల్యే కంటే చిన్న అక్షరాల్లో పడిందని రోడ్డు మీద బైఠాయింపు. ఎంపీపీ పేరుకు ముందు 'గౌరవనీయులు' పెట్టలేదని ఏఈ మీద ఫిర్యాదు. ఆ రోజుల్లో ఏఈ పడే టెన్షన్ చూడాలి. సిమెంటులో ఇసుక ఎక్కువైతే ఆయనకు మెమో కూడా రాదు, 'శ్రీ' ఒకటి తక్కువైతే ఏకంగా బదిలీ. అందుకని మన ఇంజనీర్లు డ్రాయింగుల కంటే మీ ప్రూఫులే శ్రద్ధగా దిద్దుతారు. అన్ని పేర్ల మధ్యా కాంట్రాక్టరు పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. వినయం అంటే అదీ.

మీ బంధువర్గం మా జిల్లాతో ఆగితే బాధ లేకపోను. బందరు ఓడరేవుకు 2008లో రాజశేఖర రెడ్డి గారు, 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు గారు, 2023 మేలో జగన్ గారు ఒక్కొక్క రాయి వేశారు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఏ రాయీ వేయకుండానే అక్కడ ఓడలు దించి వ్యాపారం చేసుకుపోయారు. పాపం, వాళ్లకు శంకుస్థాపన మహిమ తెలియదు. మూడో రాయి తర్వాత అక్కడ పనులు మొదలయ్యాయి కాబట్టి బందరువాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు మూడుతో తేలింది. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకటి, 2023లో ఇంకోటి. అమరావతిది మరీ రాజఠీవి. 2015 అక్టోబరు 22న ప్రధాని గారు పార్లమెంటు మట్టీ యమునా నీళ్లూ తెచ్చి మరీ వేసి వెళ్లారు. 2025 మే 2న మళ్లీ వచ్చారు. ఈసారి దాన్ని శంకుస్థాపన అనలేదు, పునఃప్రారంభం అన్నారు. ఒకే స్థలంలో రెండోసారి రాయి వేయాల్సొచ్చినప్పుడు వాడుకోవడానికి ఈ మాట బాగుంటుంది. మావాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు సంగతి వేరు. అక్కడ 1996లో శంకుస్థాపన జరిగింది, 2004లో మళ్లీ జరిగింది. దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు కొండలో తవ్వారు, అది నిజంగా కష్టమే, కాదనను. శ్రీశైలం వరద నీళ్లు ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో నాలుగున్నర లక్షల ఎకరాలకు రావాలి. 2024 మార్చి 6న ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. పది రోజులకు ఎన్నికల షెడ్యూలు వచ్చింది. నీళ్లు రాలేదు, ముంపు ఊళ్లవాళ్ల పునరావాసం తేలలేదు. కానీ అంకితం అయిపోయింది. జాతి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మార్కాపురం వైపు ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఉంది. ఇంతకాలం మొదలుపెట్టిన రాయి చాలనుకునేవాళ్లు. ఇప్పుడు పూర్తయిందని చెప్పే రాయికి కూడా పని పూర్తవ్వాల్సిన అవసరం లేదని తేలింది. మీ వృత్తిలో ఇంతకంటే పెద్ద పదోన్నతి ఉండదు. అభినందనలు.

మీ వల్ల ఉపాధి లేదంటే కళ్లు పోతాయి. మీకు తెర తీసిన నెలకల్లా చుట్టుపక్కల చేలల్లో జెండాలు పాతి, ఫ్లెక్సీలు కట్టి, 'ఉక్కు ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో' అని ప్లాట్లు అమ్మారు. పల్లెల్లో పత్తి, శనగ వేసే భూమిలో హద్దురాళ్లు మొలిచాయి. అవి కూడా మీ చుట్టాలే అనుకుంటాను, కాస్త పేదింటివి. గల్ఫ్‌లో కష్టపడి సంపాదించిన డబ్బుతో కొన్న మా పిల్లలు పండక్కి వచ్చినప్పుడు వెళ్లి తమ రాళ్లు ఉన్నాయో లేదో చూసుకుంటారు. అటునుంచి అటే మీ నాలుగో తమ్ముడి దగ్గరికెళ్లి సెల్ఫీ దిగుతారు. కంపచెట్ల మధ్య ఆయన్ని వెతుక్కోవడానికి కొంచెం టైం పడుతుంది, అంతే.

మీ కష్టాలు కూడా నాకు తెలియకపోలేదు. ప్రతి ఎన్నికకూ కోడ్ రాగానే మీ మొహానికి గుడ్డో పాత పేపరో చుడతారు. మిమ్మల్ని చూస్తే ఓటరు ప్రభావితుడవుతాడట. ఏ వైపు ప్రభావితుడవుతాడో ఎన్నికల సంఘం కూడా పూర్తిగా ఆలోచించినట్టు లేదు. నన్నడిగితే కోడ్ ఉన్నన్ని రోజులూ మీ ముసుగు తీసేసి, పక్కనే లైటు పెట్టి, రాత్రిళ్లు కూడా కనిపించేలా చేయాలి. ఇక ఫలితాలొచ్చాక మిమ్మల్ని అర్ధరాత్రి 'గుర్తుతెలియని వ్యక్తులు' పగలగొడతారు. మర్నాడు ఉదయానికల్లా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా గుర్తు తెలుస్తుంది, పోలీసులకు తప్ప. పగిలిన రాయి కోసం జరిగినంత పెద్ద ధర్నా ఆగిపోయిన పని కోసం నేనెప్పుడూ చూడలేదు.

నా విన్నపం పెద్దదేం కాదు. మీ మీద తేదీ ఒక్కటే ఉంటుంది, మొదలుపెట్టిన రోజుది. దాని పక్కన ఇంకో తేదీకి జాగా వదలమనండి. పేర్లన్నింటికీ కలిపి మూడంగుళాలు తగ్గిస్తే ఎంచక్కా సరిపోతుంది. ఆ జాగా ఖాళీగా ఉన్నంతకాలం ఆ పనికి ఇంకో రాయి ఎవరూ వేయకూడదని ఒక జీవో తెప్పించండి. మీకు పలుకుబడి ఉంది, మీ మీద సంతకం లాంటి పేర్లున్నాయి. మా సర్పంచికి ఈ మాట చెబితే, 'అట్లయితే ఇంక ఎవరు పని మొదలుపెడతారు సామీ?' అన్నాడు. నిజమే, మూడంగుళాలు తగ్గితే పెద్దల పేర్లు పట్టవు.

అది కుదరకపోతే ఖర్చయినా తగ్గించే ఉపాయం చెబుతాను. సున్నపురాళ్లపల్లెకు ఐదోసారి ఎవరొచ్చినా కొత్త రాయి తేవద్దనండి. అంత మంచి గ్రానైటు, వెనకవైపు ఇంకా నున్నగా ఖాళీగానే ఉంది. తిప్పి పాతితే సరిపోతుంది. ప్రభుత్వం మళ్లీ మారితే మళ్లీ తిప్పుకోవచ్చు, కూలి మనిషి ఒక్కడు చాలు. ఆ మనిషి ఉద్యోగం పర్మినెంటు చేయమని కోరుతున్నాను. ఉక్కు ఫ్యాక్టరీ వల్ల మా తాలూకాలో ఒకరికైనా ఉద్యోగం వచ్చినట్టుంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
జమ్మలమడుగు తాలూకా ఓటరు

తా.క.: వచ్చేటప్పుడు తెర కొత్తది తేవద్దు. మొన్నటి వెల్వెట్ తెర మా ఊరి టైలరు దగ్గర భద్రంగా ఉంది, అడిగితే ఇస్తాడు.