పిలిచిందీ వాళ్లే, పొమ్మంటున్నదీ వాళ్లే

పద్ధతిగా వీసా మీద వచ్చి, ఏళ్ల తరబడి పన్నులు కట్టి, బ్రిటన్‌లో శాశ్వత నివాస హక్కు తెచ్చుకున్నవాళ్లలో కూడా చాలామంది వెనక్కి వెళ్లిపోవాలని కన్జర్వేటివ్ ఎంపీ కేటీ లామ్ 2025 అక్టోబరులో అన్నారు. హోం శాఖ వ్యవహారాల్లో అప్పట్లో ఆ పార్టీ తరఫున మాట్లాడిన నేతల్లో ఆమె ఒకరు. అది తమ విధానానికి దగ్గరగానే ఉందని పార్టీ మొదట వెనకేసుకొచ్చింది. గొడవ ముదిరాక, ఆమె సరిగ్గా చెప్పలేదని నాయకురాలు కెమీ బేడెనాక్ సర్దిచెప్పారు.

చెప్పడంలో తేడా ఏమీ లేదు. ఆ పార్టీ 2025లో తయారుచేసిన బిల్లులోనే ఆ సంగతి ఉంది. ఆరు నెలల పాటు ఆదాయం ఏడాదికి 38,700 పౌండ్ల లెక్కకు తగ్గితే ఐఎల్‌ఆర్, అంటే ఈ శాశ్వత నివాస హక్కు, రద్దు చేయాలని అందులో రాసుకున్నారు. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్తగా చేరే నర్సుకు 2025లో ఇచ్చిందే ఏడాదికి 31 వేల పౌండ్ల చిల్లర. ఆ జీతం ఖరారు చేసేది ప్రభుత్వం, అది చాలడం లేదని ఆమెను పంపించేయాలనేది ప్రతిపక్షం. కాన్పు సెలవులో ఉండి జీతం తగ్గిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సంగతేమిటో ఆ బిల్లు రాసినవాళ్లు ఒక్క నిమిషమైనా ఆలోచించారా?

వలసలు మితిమీరాయని జనంలో కోపం ఉంది, వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫామ్ పార్టీకి 2024లో 14 శాతం ఓట్లు పడ్డాయి, కాదనం. కానీ నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది ఎవరి హయాంలో? 2022లో కేర్ వర్కర్లకు వీసా తలుపులు తెరిచింది ఎవరు? మిగతా వీసాల మీద వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర వైద్య సేవల పేరుతో తలా ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జ్ ముందే కట్టించుకునేలా పెంచింది ఎవరు? అన్నీ ఈ కన్జర్వేటివ్‌లే. రమ్మని పిలిచి, డబ్బు కట్టించుకుని, చాకిరీ చేయించుకుని, ఇప్పుడు పొమ్మనడం ఏరు దాటాక తెప్ప తగలేయడమే. ఇచ్చిన మాటను వెనకటి తేదీ నుంచి రద్దు చేస్తామనే పార్టీ రేపు పెన్షనర్లకిచ్చిన మాట మాత్రం నిలబెట్టుకుంటుందని నమ్మేదెలా?

పోనీ, ఇంత చేస్తే ఓట్లయినా వస్తాయా అంటే అదీ లేదు. 2019లో 365 సీట్లు గెలిచిన పార్టీ 2024లో 121కి పడిపోయింది. మాజీ ప్రధానుల సీట్లే చూడండి: కామెరాన్ గెలుస్తూ వచ్చిన విట్నీ, థెరెసా మే గెలిచిన మెయిడెన్‌హెడ్, ఒకప్పుడు బోరిస్ జాన్సన్ గెలిచిన హెన్లీ, ఈ మూడూ లిబరల్ డెమోక్రాట్ల చేతికి పోయాయి. వీసాల మీద ఇంకాస్త కరకుగా మాట్లాడితే తిరిగొచ్చే సీట్లా ఇవి? సర్వే సంస్థ యూగవ్ లెక్క ప్రకారం, 2024లో గెలిచిన లేబర్ పార్టీ కంటే కన్జర్వేటివ్‌లకు ఎక్కువ ఓట్లు పడటం మొదలైన వయసు ఆ ఎన్నికల్లో 63 ఏళ్లు, 2019లో అది 39. పనిచేసే వయసువాళ్లంతా దూరమైపోయారు, వాళ్ల ఇంటి అద్దెల గురించి, పిల్లల చైల్డ్‌కేర్ ఖర్చుల గురించి పట్టించుకోవాల్సిన పార్టీ పొద్దస్తమానం రిఫామ్ నేత ఫరాజ్ వెంట పరిగెడుతోంది.

2024 ఎన్నికల్లోనే లేబర్ నుంచి వీళ్లు లాక్కున్న ఒకే ఒక్క సీటు లెస్టర్ ఈస్ట్. సగానికి పైగా ఓట్లతో నిలబెట్టుకున్న ఒకే ఒక్క సీటు హారో ఈస్ట్. రెండు చోట్లా భారత సంతతి ఓటర్లు ఎక్కువ. ఇల్లు కొనుక్కోవాలి, పిల్లల్ని మంచి బడిలో వేయాలి, ఎవరి దగ్గరా చేయి చాపకూడదు అనుకునే మనవాళ్లు ఆ పార్టీకి సహజంగా దగ్గరివాళ్లే. పైగా కామన్వెల్త్ పౌరులుగా, బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోయినా అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. ఆ సంగతి బేడెనాక్‌కు తెలియదనుకోవాలా?

రిఫామ్ ఐఎల్‌ఆర్‌నే ఎత్తేస్తామంటోంది, లేబర్ ఐదేళ్ల గడువును పదేళ్లు చేస్తామంటోంది. ఇచ్చిన మాటకు కట్టుబడతామనే చోటును ఈ రెండు పార్టీలూ ఖాళీగా వదిలేశాయి. అక్కడ నిలబడటం మానేసి, రద్దుల పోటీలో మూడో గొంతుగా చేరడం ఏం రాజకీయం? బిల్లులోని ఆ ఆదాయ నిబంధనను వదిలేశామని అధికార ప్రతినిధుల చేత గొణిగిస్తే చాలదు. బేడెనాక్ స్వయంగా పార్లమెంటులో నిలబడి, ఇప్పటికే హక్కు వచ్చినవాళ్ల జోలికి పోమని చెప్పాలి. లండన్‌లోని హారో కౌన్సిల్‌ను 2022 ఎన్నికల్లో గెలుచుకున్నది వాళ్లే. ఆ మాట చెప్పకుండా అక్కడ ఓటు అడగడానికి ఏ ఇంటి గడపా తొక్కొద్దు.