రూల్ నంబర్ 7 గారికి, దాత తరఫున

మహారాజశ్రీ రూల్ నంబర్ 7 గారి సముఖమునకు,

నమస్కారాలు. తమరు క్షేమంగా ఉన్నారని నిన్న మధ్యాహ్నం కళ్లారా చూశాను. లామినేషన్ ఎక్కడా లేవలేదు. నాలుగు మూలలా టేపు గట్టిగానే ఉంది. ఫ్యాను గాలి కూడా నేరుగా తమరికే తగులుతోంది. మా లా కాలేజీ లైబ్రరీలో అంత సుఖపడుతున్నది తమరొక్కరే.

నన్ను గుర్తుపట్టారో లేదో. శుక్ర, శనివారాల్లో సాయంత్రం బ్యాచ్‌కి ఆస్తి బదిలీ చట్టం చెప్పే మనిషిని. ఒక చేతి మీద నల్లకోటు, ఇంకో చేతిలో హెల్మెట్‌తో కౌంటర్ ముందు గంటన్నర నిలబడ్డాను. చూడ్డానికి తమరు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి ఇప్పుడు తమరు నాకు కంఠతా వచ్చు. "పార్ట్‌టైం మరియు గెస్ట్ ఫ్యాకల్టీకి ఒక పుస్తకము, మూడు దినములు. రిఫరెన్సు గ్రంథములు ఇవ్వబడవు. ప్రతి నెలా హెచ్‌ఓడీ గారి సిఫారసు లేఖ తప్పనిసరి." తమరి పైనున్న ఆరో నంబరు వారు విద్యార్థులకు మూడు పుస్తకాలు, పద్నాలుగు రోజులు ఇస్తారు. ఐదో నంబరు వారైతే రెగ్యులర్ ఫ్యాకల్టీకి పది పుస్తకాలు, సెమిస్టర్ మొత్తం. స్థిరాస్తికీ చరాస్తికీ తేడా నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లాడు మూడు పుస్తకాలు సంచిలో వేసుకుని నాకు గుడీవినింగ్ చెప్పి వెళ్లిపోతాడు. నేను ఒకదాని కోసం లెటర్ పట్టుకుని రెండో అంతస్తుకి వెళ్తాను. హెచ్‌ఓడీ గారు లీవు. ఇన్‌చార్జ్ గారికి సంతకం పెట్టే అధికారం ఉందో లేదో ఆయనకే తెలియదు.

పార్ట్‌టైం అన్న ముక్క మీద ఒక మనవి. ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు లా కాలేజీలో పాఠం చెప్పొచ్చు గానీ రోజుకు మూడు గంటలు దాటకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1979 నాటి రూల్స్‌లోనే ఉంది. నాలుగో గంట చెప్తే తప్పు నాదవుతుంది. అంటే నా పార్ట్‌టైం నా బద్ధకం కాదండీ, అది కూడా ఒక రూలే. తమరికి అన్నగారి వరస.

"ఎప్పుడు పోతరో తెల్వదు గద మేడం, అందుకే గట్ల పెట్టిన్రు," అన్నాడు కౌంటర్‌లో ఉన్న తమ్ముడు. ఆరేళ్లుగా వస్తున్నాను. ఈ ఆరేళ్లలో వెళ్లిపోయినవాళ్లు నలుగురు, నలుగురూ రెగ్యులరే. ఇంటర్నల్ పరీక్షలు కాగానే వంద ఆన్సర్ షీట్లు కట్ట కట్టి బండి మీద ఇంటికి తీసుకెళ్లి దిద్దుకు రమ్మంటారు. అప్పుడు ఏ సిఫారసూ అక్కర్లేదు. వానలో తడిస్తే ఎలా అని కూడా ఎవరూ అడగరు. పుస్తకం అనగానే నేను పారిపోయే మనిషినైపోతాను.

ఆ మూడు దినముల సంగతి కూడా చెప్పుకోవాలి. పోయిన నెల శుక్రవారం ఒక పుస్తకం తీసుకున్నాను. సోమవారం నాంపల్లి కోర్టు నుంచి పనిగట్టుకుని వచ్చి ఇచ్చాను. రెండు రూపాయల ఫైన్ వేశారు. తీసుకున్న రోజు కూడా లెక్కలోకే వస్తుందట. శుక్ర, శని, ఆది. ఆదివారంతో గడువు అయిపోయింది. ఆదివారం లైబ్రరీకి తాళం. తాళం సందులోంచి పుస్తకం ఎలా తోయాలో తమరు రాయలేదు. దావాలకు గడువులు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 మొదటి రోజును లెక్కలోంచి తీసేస్తుంది. కోర్టు మూసి ఉన్న రోజు గడువు ముగిస్తే, తెరిచిన రోజు దాఖలు చేసినా చెల్లుతుందని సెక్షన్ 4 చెబుతుంది. కోటి రూపాయల దావా వేసేవాడికి దేశం మొత్తం మీద దొరికే ఈ దయ, రెండు వందల పేజీల పుస్తకం తిరిగిచ్చే మనిషికి తమరి గోడ కింద దొరకలేదు.

ఆన్‌లైన్ డేటాబేస్ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. పాస్‌వర్డ్ రెగ్యులర్ వాళ్లకే. సుప్రీంకోర్టు 2023 జనవరి నుంచి తన తీర్పుల రిపోర్టులను ఈ-ఎస్‌సీఆర్ అనే వెబ్‌సైట్‌లో దేశానికంతా ఉచితంగా తెరిచిపెట్టింది. సుప్రీంకోర్టుకు లేని భయం తమరికెందుకో.

నన్ను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక ఆ తమ్ముడు ఒక అర చూపించాడు. "ఇవి తీస్కపోండ్రి మేడం, ఎన్నైనా తీస్కోండ్రి, వీటికి ఏం లేదు." చూస్తే అన్నీ ఇండియన్ పీనల్ కోడ్ గైడ్లు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి 1860 నాటి కోడ్‌ను ఇంటికి పంపింది. 511 సెక్షన్లు పోయి 358 అయ్యాయి. ఊళ్లో ఇంకా ఫోర్ ట్వంటీ అనే తిట్టుకుంటున్నా, ఆ మోసం ఇప్పుడు 318లో ఉంది. రద్దయిన చట్టం ఎంతకావాలంటే అంత. అమల్లో ఉన్నది మాత్రం గాజు బీరువాలో.

ఆ బీరువా దగ్గరికే వస్తున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే.

రెండేళ్ల కిందట మా సీనియర్ అడ్వకేటు గారు పోయారు. బర్కత్‌పురాలో ఇంటి ముందు గదే ఆయన ఆఫీసు. దినాలయ్యాక అమ్మగారు, అంటే ఆయన భార్య, ఫోన్ చేశారు. "ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నామమ్మా. ఆయన పుస్తకాలు పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యడానికి చేతులు రావట్లేదు. మీ కాలేజీకి ఇప్పించు, పిల్లలు చదువుకుంటారు," అన్నారు. ఆయన పిల్లలు ఇద్దరూ అమెరికాలో ఉన్నారు. ఆమె అన్న పిల్లలు వాళ్లు కాదు. పదకొండు అట్టపెట్టెలు, ట్రాలీ ఆటో, రెండు ట్రిప్పులు. 214 పుస్తకాల లిస్టు రెండు రాత్రులు కూర్చుని నేనే టైప్ చేశాను. అమ్మగారికి శాలువా కప్పారు, ఫొటో తీశారు, న్యూస్‌లెటర్‌లో వేశారు. ఆమె పేరులో ఒక అక్షరం తప్పు పోయింది. దాన్ని వదిలేశాను.

ఆ 214లో ఒకటి ఆస్తి బదిలీ చట్టం మీద లావుపాటి వ్యాఖ్యానం. ముదురు ఎరుపు బైండు. వెన్ను ఊడిపోతే నేను జూనియర్‌గా చేరిన కొత్తలో గుడ్డ టేపు తెచ్చి అతికించాను, కొంచెం వంకరగా. పేజీల పక్కన ఆయన ఆకుపచ్చ సిరా, దాని కింద నా పెన్సిలు. ఒక పేజీ మీద ఇరానీ చాయ్ కప్పు పెట్టిన గుండ్రటి మచ్చ. ఆ కప్పు నాది. ఆయన ఏమీ అనలేదు. మచ్చ మధ్యలో ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టారు.

నిన్న నా క్లాసు ఆ చట్టంలోని సెక్షన్ 53ఏ. అమ్మకానికి ఒప్పందం రాసుకుని, స్వాధీనం ఇచ్చి, ఆ తర్వాత మాట తప్పితే ఏమిటన్నది. మా బ్యాచ్‌లో సగంమందికి ఇది పరీక్ష ప్రశ్న కాదు, ఇంటి గొడవ. తెల్లకాగితం మీద రిజిస్ట్రేషన్ లేకుండా రాసుకున్న అమ్మకపు కాగితం, సాదా బైనామా, పెట్టుకుని తాతల నాటి నుంచి పొలం దున్నుకుంటున్నవాళ్ల పిల్లలు వాళ్లు. క్లాసు అయ్యాక మెట్ల దగ్గర నిలబెట్టి, "మేడం, మా నాయన దగ్గర గసొంటి కాగితమే ఉంది" అంటారు. వాళ్లకి ఎలా చెప్పాలో ఆ పేజీ పక్కన ఆకుపచ్చ సిరాలో నాలుగు లైన్లలో ఉందని నాకు తెలుసు. దాని కోసమే మూడింటికి వచ్చాను.

"అది రిఫరెన్స్ మేడం. పార్ట్‌టైమోళ్లకు ఇయ్యరు."

"అది నేను తెచ్చిచ్చిన పుస్తకం తమ్ముడూ."

"ఎరికే మేడం. కానీ ఇప్పుడు కాలేజీది గద."

అక్కడ నా నోరు పడిపోయింది. ఎందుకంటే అతను చెప్పిందే చట్టం. అదే ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 122: దానం అంటే ప్రతిఫలం లేకుండా, ఇష్టపడి ఇచ్చేది, అవతలివాళ్లు పుచ్చుకునేది. సెక్షన్ 126: ఇచ్చినవాడికి మనసు మారినంత మాత్రాన తిరిగి తీసుకోవడం కుదరదు. ఈ రెండూ అక్టోబర్‌లో నేనే బోర్డు మీద రాశాను. దానపత్రంలో ఒక్క లైను, "దాత శిష్యులకు చదువుకోవడానికి ఇవ్వవలెను" అని రాయించుకుని ఉంటే సరిపోయేది. పదిహేడేళ్ల ప్రాక్టీసు నాది. మా సీనియర్ గారు ఉంటే ఆ కాగితం నా మొహాన కొట్టేవారు.

బయట జిరాక్స్ తీయించుకుంటానన్నాను. పుస్తకం గేటు దాటకూడదట. జిరాక్స్ మిషనేమో గేటు బయట ఉంది.

రూల్ గారూ, ఇప్పటిదాకా తమరు అన్నాను. ఇక నా వల్ల కాదు. నువ్వెవరు అసలు? నీ కింద సంతకం లేదు. తేదీ లేదు. సర్క్యులర్ నంబరు లేదు. నిన్ను ఎవరు రాశారని ముగ్గురిని అడిగాను, ముగ్గురూ "అది ఎప్పటినుంచో ఉంది" అన్నారు. ఇలాంటి కాగితాన్ని కోర్టులో పెడితే జడ్జి దాకా పోదు, బెంచ్ క్లర్కే విసిరికొడతాడు. నీ వెనక మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఫ్రేము ఉంది. ఏటా ఆగస్టు 12న దండ వేస్తారు. ఆయన 1931లో చెప్పిన ఐదు సూత్రాలూ అక్కడ రాసి ఉన్నాయి. పుస్తకాలు ఉపయోగించడానికే అన్న మొదటిది కనిపిస్తుంది. పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్న నాలుగోది నీ లామినేషన్ కింద పడిపోయింది. కావాలని అతికించినా అంత సరిగ్గా కుదరదు. ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాల్ని గొలుసులతో బల్లలకి కట్టేవారట. గొలుసు ఎంత పొడుగుంటే అంత దూరమైనా పుస్తకం మనిషి దగ్గరికి వచ్చేది కదా.

ఇదే హైదరాబాదులో, నిజాం రోజుల్లో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం రావిచెట్టు రంగారావు గారింట్లో మొదలైంది. పుస్తకం జనం చేతికి అందాలని ఒక మనిషి తన ఇంటి తలుపు తీశాడు. నీకు ఒక బీరువా తలుపు తీయడానికి చేతులు రావు. చేతులు లేవులే. కాగితానివి.

నాలుగూ ముప్పై ఐదుకి లైబ్రేరియన్ గారు బ్యాగు సర్దుకుని వెళ్లారు. తమ్ముడు గేటు వైపు ఒకసారి చూసి, డ్రాయర్లోంచి తాళంచెవి తీశాడు. "ఈడనే కూసోని చూడుండ్రి మేడం. నేను రిజిస్టర్ రాసుకుంట." పుస్తకాన్ని తన జేబురుమాలుతో తుడిచి బల్ల మీద పెట్టాడు. గుడ్డ టేపు ఇంకా వంకరగానే ఉంది. లోపల మొదటి పేజీలో మా సీనియర్ గారి సంతకం, సరిగ్గా దాని మీద ఊదారంగు స్టాంపు: "విరాళము". చివరి అట్టకి తేదీల చీటీ అతికించారు, చక్కగా గళ్లు గీసి. రెండేళ్లయింది. దాని మీద ఒక్క తేదీ లేదు. ఎవరికీ ఇవ్వని పుస్తకానికి ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసుకునే చీటీ.

53ఏ దగ్గర ఆకుపచ్చ సిరా అలాగే ఉంది. "కాగితం ఉందా? స్వాధీనం ఉందా? తన వంతు చేశాడా, చేయడానికి సిద్ధమా? ముందు ఈ మూడూ అడుగు. కన్నీళ్ల సంగతి తర్వాత." దాని కింద నా పెన్సిలు: "2001 నుంచి రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి." ఆ పక్కన మళ్లీ ఆయనే: "వీళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పారు?"

ఈ ఆఖరి లైను నాకు గుర్తు లేదు. నేను పెన్సిలుతో రాశాక ఎప్పుడో రాసి ఉంటారు. నాకు చూపించలేదు.

కాజ్ లిస్టు, అంటే ఆ రోజు కోర్టు కేసుల జాబితా, దాని వెనకాల మొత్తం ఎక్కించుకున్నాను. తమ్ముడు ఇవతలికొచ్చి తొంగిచూసి, "సార్ రాత జర అర్థమైతలేదు మేడం, మీదే నయం," అన్నాడు. ఐదయింది. బీరువా తాళం పడింది. నీ మీది ఫ్యాను కూడా ఆగింది.

ఐదున్నరకి పాఠం చెప్పాను. వెనక బెంచీ అబ్బాయి కాజ్ లిస్టు ఫొటో తీసుకుంటానన్నాడు, తీసుకోమన్నాను. ఇప్పుడది బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఉంది, అరవై నాలుగు మంది దగ్గర, గడువు తేదీ లేకుండా.

వచ్చే శుక్రవారం సెక్షన్ 54. దాని పక్కన కూడా ఆకుపచ్చ సిరా ఉంది. లెటర్ తెస్తాను, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు కూడా తెస్తాను. మూడింటికే వస్తాను.

ఇట్లు,
తమరి విధేయురాలు,
ఒక పుస్తకము, మూడు దినములు

తా.క. పోయిన నెల రెండు రూపాయల ఫైన్‌కి రసీదు అడిగాను. రసీదు పుస్తకం రెగ్యులర్ స్టాఫ్ దగ్గర ఉందన్నారు. ఇంకా రాలేదు.