ప్రార్థన చేసి పుచ్చుకున్నా అది కట్నమే

ఈమధ్య ఇక్కడ అమెరికాలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఏ ఇద్దరు పెద్దవాళ్ళు కలిసినా ఒకటే టెన్షన్. పిల్లలు ఆదివారం గుడికి రావట్లేదు, కుటుంబ ప్రార్థనకి కూర్చోవట్లేదు, ఇక్కడి కల్చర్‌లో కొట్టుకుపోతున్నారు. ఆ బాధ నిజమే, కాదనను. కానీ మన విశ్వాసం ఆ పిల్లలకి రోజువారీ బతుకులో ఎక్కడ కనిపించాలి? నన్నడిగితే, ముందు పెళ్ళిమాటల దగ్గర కనిపించాలి.

కోనసీమలోనైనా, నరసాపురం, పాలకొల్లు వైపైనా క్రైస్తవ ఇళ్ళల్లో సంబంధం ఎలా కుదురుతుందో మనకు తెలుసు. పాస్టరు గారు వాక్యం చదివి ప్రార్థన చేస్తారు. కాఫీలయ్యాక ఆయన్ని గుమ్మం దాకా సాగనంపుతారు. అప్పుడు మేనమామ గొంతు సవరించుకుంటాడు. అబ్బాయి అమెరికాలో ఉన్నాడు కాబట్టి లెక్క వేరు. పసుపు కుంకుమ కింద ఎకరం కొబ్బరితోట, ఆడపడుచు లాంఛనాలు విడిగా. "మేం అడగలేదండీ, వాళ్ళే ప్రేమతో ఇచ్చారు" అని తర్వాత చెప్పుకుంటారు. అందుకోసం ఆడపిల్లవాళ్ళు చేసిన అప్పు ఏళ్ళ తరబడి తీరదు.

1836లో ఇంగ్లీషు మిషనరీ గ్రోవ్స్ దొర వెంట ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ దంపతులు మన గోదావరి డెల్టాలో సువార్త పని మొదలుపెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు అక్కడి కూలీల మధ్య సువార్త చెప్పారు. దేవుడి ముందు ఎక్కువ తక్కువల్లేవన్న మాట పట్టుకుని నమ్మిన పేదల వారసులం మనలో చాలామందిమి. ఆడవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడాలని మిషనరీ స్త్రీలు నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక నేర్పారు. ఇప్పటికీ ఆ ఊళ్ళల్లో మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగు మీద చేరి, వేలికి దారం చుట్టుకుని, కొక్కెం సూదితో పువ్వు పక్కన పువ్వు అల్లుతుంటారు. కళ్ళు లాగుతాయి, మెడ పట్టేస్తుంది, కూలి మాత్రం అంతంతే. ఆ డబ్బు కూతురి చదువుకి పోతే సంతోషమే. అదే డబ్బు మన అబ్బాయి కట్నంలో కలుస్తోందంటే నాకు మింగుడుపడదు.

1961 నుంచీ కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. చట్టం సంగతి అలా ఉంచండి. క్రీస్తులో పురుషుడని స్త్రీ అని భేదం లేదని పౌలు గలతీయులకు రాశాడు. ఆ మాట విని ఆమేన్ అన్న మనమే బేరానికి కూర్చుంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

"మా అమ్మాయికి మేమూ ఇచ్చాం కదా, ఆ లోటు ఎలా పూడుతుంది?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. అయినా అది ఇంకో ఇంటి ఆడపిల్ల తీర్చాల్సిన బాకీ కాదు.

ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయి మాటకి ఊళ్ళో విలువ ఎక్కువ. "నాన్నా, ఏమీ పుచ్చుకోవద్దు" అని వాడే అంటే మేనమామ కూడా ఆగుతాడు. ఈ సంవత్సరం మీ ఇంట్లో సంబంధాలు చూస్తుంటే, ప్రధానం దాకా ఆగకుండా ఆ ఫోను ఇప్పుడే చేయించండి.