అరికాలి పుండుకు లేపనం సరే, చెప్పు మాటేమిటి?

షుగర్ పుండుకు మూలికా లేపనం పనిచేస్తుందా, చేయదా అన్న పంచాయితీ మళ్లీ నడుస్తోంది. పనిచేసినది ఒకటైతే ఉంది. తైవాన్‌లో తయారైన ఓఎన్101 అనే క్రీమ్. అందులో సారం తీసినవి మన పెరటి మొక్కలే: బజ్జీలు వేసుకునే వామాకు, సరస్వతి ఆకు. 236 మంది మీద జరిపిన పరీక్ష 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. 16 వారాల్లో క్రీమ్ రాసినవారిలో 60.7 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. ద్రవాన్ని పీల్చే డ్రెస్సింగ్ వేసినవారిలో 35.1 శాతం మందికే.

అంతమాత్రాన పెరట్లో వామాకు నూరి కట్టుకోమని కాదు. ఆ పరీక్షలోకి తీసుకున్నవి వాగ్నర్ కొలతలో 1, 2 గ్రేడ్ల పుళ్లు, అంటే ఎముకకు చీము పట్టనివి, చచ్చిన కండ తీసేశాక 25 చదరపు సెంటీమీటర్లు మించనివి. దున్ని చదును చేసిన మడిలో చల్లిన విత్తనమన్నమాట.

అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ మాత్రం పుండు మాన్పడానికి మూలికా మందులు వాడొద్దని 2023 మార్గదర్శకాల్లో సూచించింది. ఆధారాలు చాలవన్నది వారి మాట. కొట్టిపారేయదగ్గది కాదు. కానీ జనం ఎలాగూ రాస్తున్నారు. కాబట్టి ఎక్కడ చెడుతోందో చెప్పడం మేలు.

మన షాపుల్లో దొరికేది జాత్యాది తైలం. జాజి ఆకు, వేపాకు, కానుగ, పసుపు, మానుపసుపు, అతిమధురం, మైనం, కాస్త మైలుతుత్తం పడతాయి. శుభ్రపడి ఎర్రగా కండ పడుతున్న పుండుకు, డాక్టరు చూస్తుండగా, తైలంలో తడిపిన గాజుగుడ్డను అంచులు దాటకుండా పలుచగా వేస్తే అభ్యంతరం లేదు. మనవాళ్లు చేసేది వేరు. కారేంత నూనె పోసి పైన బిగించి కడతారు. రసి పోయే దారి ఉండదు. చుట్టూ చర్మం నాని, తెల్లబడి ఊడుతుంది, పుండు వెడల్పవుతుంది. పసుపు ముద్దయితే మరో చిక్కు. పుండు అడుగున పేరుకునే చచ్చిన పొర రంగూ పసుపే, కట్టు మార్చే నర్సుకు ఏది మందో ఏది కుళ్లో తేలదు. అన్నిటికంటే ప్రమాదం, రక్తం అందక నల్లబడి ఎండిన వేలికి నూనె పట్టించడం. పొడిగా ఉన్న వేలు మెత్తబడితే క్రిములు చేరి కుళ్లు పైకి పాకుతుంది. కాలి వేలి దగ్గర రక్తపోటు 30 (మి.మీ. పాదరసం) లోపు ఉంటే ముందు రక్తనాళాల డాక్టరును కలవాలి. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే ఏబీఐ అంకె ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. షుగర్‌లో నాళాలు సున్నం పట్టి గట్టిపడి, ఆ అంకె ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

ఇందులో ఆయుర్వేదం తప్పేమీ లేదు. సుశ్రుతుడు వ్రణానికి 60 ఉపక్రమాలు, అంటే చికిత్సా పద్ధతులు చెప్పాడు. వాటిలో కోయడం, గీకడం ఉన్నాయి. శోధన (పుండు శుభ్రం చేయడం) అయ్యాకే రోపణం (మాన్పడం). మనం శోధన వదిలేసి రోపణాన్ని సీసాలో కొనుక్కుంటున్నాం.

అసలు సంగతి బరువు. స్పర్శ పరీక్షలో 10 గ్రాముల ఒత్తిడికి ఒంగే నైలాన్ పోగు ఆనించినా తెలియని కాలికి, బొటనవేలి మొదట్లో ఆనెకాయ కట్టిందంటే చెప్పులో గులకరాయి పెట్టుకుని తిరుగుతున్నట్టే. నొప్పి లేదు గనక తిరుగుతూనే ఉంటారు. పొద్దున రాసిన మందు మీద సాయంత్రం దాకా ఒంటి బరువంతా పడుతుంది. అందుకే ఐడబ్ల్యూజీడీఎఫ్ మొదటి ఎంపిక మోకాలి దాకా వచ్చే, రోగి విప్పలేని కట్టు. విప్పే వీలుంటే రాత్రి బాత్రూముకు లేచినప్పుడు విప్పే పోతారు. రక్తం సరిగా అందని కాలికీ, చీము ముదిరిన కాలికీ దాన్ని బిగించకూడదు. పుండు పొడవు, వెడల్పు వారంవారం కొలిచి రాసుకోవాలి. 4 వారాల్లో వైశాల్యం సగానికి రాకపోతే లేపనం మార్చి లాభం లేదు. పుండు మీద పడే బరువు, కాలికి అందే రక్తం, ఎముకకు చీము పట్టిందా అన్నది, మూడూ మళ్లీ చూడాల్సిందే.

ఈ ప్లాస్టర్ కట్టు పరాయి విద్యేం కాదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల స్పర్శలేని కాళ్లకు వాడాడు, తర్వాత అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో అది షుగర్ కాళ్లకూ చేరింది. మన దగ్గర మాత్రం రెండు జబ్బుల మధ్య గోడ అలాగే ఉంది. జాతీయ కుష్ఠు కార్యక్రమం స్పర్శ పోయిన కాళ్లకు ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు ఉచితంగా ఇస్తుంది. అదే మొద్దుబారిన కాలు, జబ్బు పేరు షుగరైతే ఆ పద్దులో చోటు లేదు. మాత్రల చీటీ చేతికొస్తుంది, చెప్పు విప్పించి కాలు చూసేవారు అరుదు.

ఆ చెప్పులో బ్రహ్మవిద్యేం లేదు. అడుగున గట్టి రబ్బరు, పైన రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ లెక్కలో 15 ఉన్న మెత్తటి ఎంసీఆర్ షీటు, మడమ వెనక పట్టీ. బొటనవేలి ఉంగరం వద్దు, వేలి సందు ఒరుసుకుంటుంది. మేకు ఒక్కటీ కొట్టకూడదు. అడుగు అరిగి మేకు పైకి తేలితే ఆ కాలికి తెలియదు. షీటు చేతికిస్తే చెప్పులు కుట్టేవారికి అసాధ్యమేమీ కాదు. ఆ షీటు తెప్పించే దారి కుష్ఠు విభాగానికి ఎప్పటి నుంచో తెలుసు. ఈసారి ఇండెంట్ (సరుకు కోరే పత్రం) రాసేటప్పుడు షుగర్ కాళ్లనూ లెక్కపెట్టి పంపాలి.