ఎంపీ సంతకం లేనిదే పింఛను రాదా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ వారం ఒకే మెసేజ్ నాలుగోసారి. "మన ఎంపీ ఏడాదిలో ఉపాధికీ సంక్షేమానికీ చేసింది సున్నా" అని మొదలై, కింద పాయింట్లు, చివర పది మందికి పంపమని దండం బొమ్మ. పంపినవాళ్లలో మా బావగారూ ఉన్నారు.

"ఏటా 5 కోట్లు ఎంపీ చేతికిస్తారు, జనానికి పంచొచ్చుగా." చేతికి రూపాయి రాదు బావగారూ. ఎంపీ పనిని సిఫారసు చేస్తారు, మంజూరూ ఖర్చూ కలెక్టరాఫీసువి. అదీ బడి గదో, నీళ్ల ట్యాంకో అయ్యుండాలి. సరే, పంచారే అనుకుందాం. నియోజకవర్గంలో 20 లక్షల మంది ఉంటే తలా 25 రూపాయలు. మన గేటు ముందు దర్శిని టిఫిన్ హోటల్లో ఓ కాఫీ తాగి ఇంటికెళ్లొచ్చు.

"కేంద్రీయ విద్యాలయం సీట్లు అమ్ముకుంటారు." ఎంపీలు సీట్లు సిఫారసు చేసే ఆ కోటాను 2022లోనే ఎత్తేశారు. తర్వాత?

"లోక్‌సభలో ప్రశ్నలడిగితే ఉద్యోగాలొస్తాయా?" రావు. కానీ లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోతూ చనిపోయిన వలస కూలీలు ఎందరని 2020 సెప్టెంబరులో అడిగితే, అలాంటి లెక్కలు లేవని కార్మిక శాఖ రాసిచ్చింది. ఆ మాట రికార్డుకెక్కింది ప్రశ్న వల్లే. అన్నట్టు, మంత్రి అయిన ఎంపీ ప్రశ్నలు అడగరు, జవాబులిస్తారు. వాళ్ల పేరు పక్కన సున్నా వేసి "సోమరి" అని రాసిన మహానుభావుడికి నా నమస్కారం.

ఇక నాకు ఒళ్లు మండించింది ఇది: "ఎంపీ సంతకం లేనిదే వృద్ధాప్య పింఛను రాదు. మీ అమ్మానాన్నల ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు ఈ నంబరుకు పంపండి." ఇది గ్రూపులో ఆగలేదు, సీమలో మా ఊరిదాకా పాకింది. ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోను. "ఒకటో తేదీ పింఛను ఆపేస్తారంట నాయనా, ఆ ఎంపీ కాడికి నేను యాడికని పోవాల?" ఆధార్ కార్డును ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకునే మనిషి, దాన్ని బయటికి తీసి పక్కింటి పిల్లాడితో ఫొటో కూడా తీయించింది. పంపేముందు నన్ను అడిగింది కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ల సంగతేంటి?

అమ్మకు నెల నెలా వచ్చే ఆ 4,000 ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం. 2024 జులై 1న సచివాలయం వాళ్లు బకాయితో కలిపి 7,000 ఇంటికి తెచ్చిచ్చారు. ఏ ఎంపీ వచ్చి సంతకం పెట్టాడు?

చివరి పాయింట్: "ఒక్కసారి గెలిస్తే చాలు, జీవితాంతం పెన్షన్." దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. తీరా చూస్తే నిజమే. మాజీ ఎంపీకి నెలకు కనీసం 31,000. బీపీఎల్ వృద్ధులకు కేంద్రం ఇచ్చేది 79 ఏళ్లు దాటేదాకా 200. 2007లోనూ 200, ఇవాళా 200.

ఆ 200 ఎందుకు కదలట్లేదో సభలో అడిగించడానికైతే ఎంపీ నంబరు గ్రూపులో పెట్టండి, మొదటి ఫోను నేనే చేస్తాను. అమ్మ ఆధార్ మాత్రం మళ్లీ బియ్యం డబ్బాలోకి వెళ్లిపోయింది.